అక్క కత్తిరించిన గది

మా అక్క దర్జీ. వీధి మలుపులో అద్దె కొట్టు. అందులో ఆరడుగుల కటింగ్ బల్ల, కుట్టుమిషను, దాని కిందికి దూరే స్టూలు పట్టాక మిగిలేది అక్క నిలబడేంత చోటే. నడుం నొప్పెడితే గోడకి ఆనుకుంటుంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే వరస.

అలాంటి మనిషికి ఇల్లు కొనాలన్న పిచ్చి పట్టింది. ఇక పట్టపగ్గాల్లేవు. ఆర్నెల్లలో పదకొండు ఇళ్లు చూసింది. చూసిందనడం తక్కువే, మెళ్లో టేపు వేసుకుని వెళ్లి గోడగోడకీ కొలతలు తీసింది. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పేది. వాన పడితే చాలు, గొడుగేసుకుని పోయి చెమ్మ ఎక్కడ దిగుతోందో చూసొచ్చేది. పై అంతస్తు వాళ్ల తలుపు కొట్టి, "ఏమ్మా, మీ ఇంట్లో ధనధనా నడిచేవాళ్లెవరైనా ఉన్నారా?" అని ఆరా తీసేది. బస్సు డ్రైవరైన మా బావ ఆవిడ వెంటే తిరుగుతూ, ప్రతి గదిలోకీ వెనక్కి నడుచుకుంటూ వెళ్లేవాడు.

"ముందుకి ఎవడైనా వెళ్తాడు. రివర్సులో పడితేనే చోటున్నట్టు," అనేవాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

పదకొండో ఇల్లు నచ్చింది. రోడ్డు వైపు, కింది అంతస్తు, మంచి వెలుతురు. తేలాల్సింది ఒక్కటే. వెనకగదిలో బల్లా మిషనూ ఒకే గోడ వెంట పట్టాలి. పడితే కొట్టు ఖాళీ చేసి, ఆ అద్దె డబ్బుతో ఇంటి వాయిదాలు కట్టుకోవచ్చు. పట్టకపోతే రెండూ మోయడం వాళ్ల తరం కాదు, ఇల్లు మాట మరిచిపోవాల్సిందే.

అక్క ఖాకీ కాగితం పరిచింది. అడుగుకి అంగుళం చొప్పున గదిని సుద్దతో గీసి కత్తిరించింది. బల్లనీ మిషనునీ కూడా అలాగే కత్తిరించి, గోడ వెంట పేర్చింది. అంచుకి అంచు సరిపోయాయి. ఇక అక్కకి కాలు నేల మీద నిలవలేదు. కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ ఆ కాగితం గది చూపించింది. బ్యాంకులో లోను పని చూసే ఆవిడ బల్ల మీద కూడా పరిచిందట. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

అగ్రిమెంటు రోజు పొద్దున్నే నేను వాళ్లింటికి వెళ్లాను. అక్క జడ వేసుకుంటూ ఆ గదిని నాకు పదోసారి చూపించింది.

"అక్కా, సుద్ద గీత అంచుకి ఇంత లోపలుందేంటి?" అన్నాను.

"కుట్టుకి వదలొద్దూ?" అంది. అంతే, జడ వేస్తున్న చేతులు ఆగిపోయాయి.

చేతి అలవాటు. ఏది కోసినా గీతకి అంగుళం బయట నడవడమే ఆ కత్తెరకి తెలుసు. గదికి కూడా చుట్టూ కుట్లకి వదిలేసింది. ఆ కాగితం మీద అంగుళమంటే అడుగు. అటో అడుగు, ఇటో అడుగు, పదడుగుల గోడ పన్నెండైంది.

అక్క గదిని గీత వెంట కత్తిరించి, మిగతావి మళ్లీ పేర్చింది. మిషను గోడ దాటి రెండడుగులు పక్కింట్లోకి పోయింది.

"వాళ్ల వంటింట్లో కూర్చుని కుడతావా ఏం?" అన్న బావ, అక్క మొహం చూసి నోరు మూసుకున్నాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల ఆరు, మిషను రెండు, వెరసి ఎనిమిదేనని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. కంగారులో మాకు ఆ కాగితమే నిజం.

"ఆ ఇంటాయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేయండి," అంది అక్క.

బావ ఫోను తీశాడు కానీ నొక్కడానికి చెయ్యి రాలేదు. రెండో చేత్తో బల్ల ముక్కని ఊరికే అటూ ఇటూ తిప్పాడు.

"ఏమే, దీనికీ గీత లోపలే ఉంది."

అక్క ఆ ముక్క లాక్కుని గీత వెంట కత్తెర వేసింది. బల్లకి వదిలింది రాలిపోయింది, మిషనుకి వదిలిందీ రాలిపోయింది. పేర్చి చూస్తే గోడ వెంట ఇంకా రెండడుగులు ఖాళీ. అక్క మూడుసార్లు టేపు పెట్టింది. ముందు బావ నవ్వాడు, తర్వాత నేను. అక్కయితే కాగితం ముక్కల మధ్య చతికిలబడి, ఊపిరాడక నన్ను చరుస్తూ నవ్వింది. నా భుజం వారం రోజులు నొప్పెట్టింది.

వేళవుతోందని బావ చెప్పులేసుకున్నాడు. అక్క కదలదే. మిగిలిన కాగితం మీద ఇంకోటి గీస్తోంది.

"ఇదేంటక్కా?"

"కుర్చీ. వీపు ఆనించుకునేది."

ఈసారి కత్తెర గీత మీదే, మెల్లగా నడిచింది. అక్క ఆ ముక్కని ఖాళీలో పెట్టి, ఒక్కో కాగితాన్నీ వేలితో తట్టింది.

"ఇది బల్లకి. ఇది మిషనుకి. ఇది నాకు," అంది.