గుమ్మం ముందు ఇంజను మోత

మా మావయ్య శవాల బండి నడిపేవాడు. జనం ఆయనకు నత్త అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లలో సగం మందిని ఆయనే సాగనంపాడు, అదే నత్త నడకతో. వెనక నడిచొచ్చేవాళ్లకు ఆయాసం రాకూడదు, లోపలున్న మనిషి కుదుపులకు కదలకూడదు, అంతే ఆయన పట్టింపు. చావు ఇంటి ముందు బండి నిలపగానే ఇంజను ఆపేసేవాడు. ఏడుపుల మధ్య అది గుడగుడలాడుతుంటే ఆయనకు సిగ్గేసేది.

బండి పాతది, పెట్రోలుది. దాని డైనమో కాలిపోతే, పిసినారి యజమాని చవకలో తేల్చేద్దామని ఒంటివైరు ఆల్టర్నేటర్ పెట్టించాడు. ఒక్క వైరు బ్యాటరీకి తగిలిస్తే పనైపోతుంది. ఒకటే మెలిక ఉందన్నాడు మెకానిక్. స్టార్ట్ చేసిన ప్రతిసారీ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితేనే అది నిద్రలేచి బ్యాటరీని ఛార్జి చేస్తుందట. లేవకపోతే చెప్పే ఎర్ర దీపం కూడా ఇక వెలగదు, దాని వైరు పీకేశారు.

మావయ్య షెడ్డులో తొక్కేవాడు. చావు ఇంటి ముందు, వెనక జనం నడిచొచ్చే దారిలో మాత్రం ససేమిరా అన్నాడు.

"తల్లి పోయి పిల్లలు ఏడుస్తుంటే, వాళ్ల గుమ్మంలో రంకెలు వేయించమంటావా?" అని అడిగాడు మెకానిక్‌ని.

రాత్రిళ్లు బ్యాటరీకి ఛార్జరు తగిలించి కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఒకరోజు వాన పట్టుకుంది. లైట్లు, వైపర్లు ఉన్న కాస్త ఛార్జీ తాగేశాయి. బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. పోయినాయన కొడుకులే తడుస్తూ నెట్టారు. ఎవరో నవ్వారు కూడా. ఆ సాయంత్రమే యజమాని వచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. మావయ్య ఇచ్చేశాడు. అన్నాళ్లూ మర్యాదగా నడిపినందుకు దక్కిన మర్యాద అది.

తర్వాత ఆ బండి వీధిలో వినబడితే చాలు, లేచి కిటికీ మూసేవాడు. గుండెజబ్బుతో పోయాడని డాక్టరు అన్నాడు. నేను నమ్మను.

ఆయన్ని తీసుకెళ్లడానికి అదే బండి వచ్చింది. కొత్త డ్రైవరు స్టార్ట్ చేసి తొక్కాడు. కిటికీ అద్దాలు అదిరాయి, ఏడుపులు ఆగిపోయాయి. అత్త గుమ్మంలోంచి చెయ్యెత్తింది.

"మెల్లగా బాబూ. ఆయనకి వినబడుతుంది."

"తొక్కకపోతే దారిలో ఆగిపోతుందమ్మా," అన్నాడతను, ఎంతో మర్యాదగా. మళ్లీ తొక్కాడు.

శ్మశానం దాకా, ఆ బండి ఒక్కసారైనా ఆగిపోవాలని కోరుకుంటూ దాని వెనక నడిచాను. ఎక్కడా ఆగలేదు.