చేయని తప్పుకు పోసిన చిన్నమ్మవారు

ఆ రోజుల్లో మాకు రోగాలు వచ్చేవి కావు, దేవతలు వచ్చేవారు. ఒంటిమీద నీటిపొక్కులు లేచాయంటే ఇంటికి చిన్నమ్మవారు వచ్చినట్టే. గడపకు వేపమండలు కట్టి, వంటలో తాలింపు మాని, మగవాళ్లు గడ్డాలు పెంచి, ఆమె దయతలచి వెళ్లేదాకా ఇల్లంతా బుద్ధిగా ఉండాలి. ఆ బుద్ధిలో అన్నిటికన్నా కష్టమైనది, ఇంట్లో ఆలుమగలు దూరంగా పడుకోవడం. (తాలింపు లేని పప్పే నయమని నాకు అనుభవం మీద తెలిసింది.)

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, మా ఆవిడకు ఇరవై దాటాయి. కడప పక్కన నేతగాళ్ల వీధిలో మా ఇల్లు. ఆమె కమలాపురం నుంచి కాపురానికి వచ్చి నెలైనా కాలేదు, మా తమ్ముడికి అమ్మవారు పోసింది. ఆ సాయంత్రమే మా నాయన నన్ను మగ్గం దగ్గరకు పిలిచి, నా ముఖం చూడకుండా నూలుకు చెబుతున్నట్టు చెప్పాడు. "చూడప్పా, మగోని సత్తువ యాడుంటాదో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. అది ఖర్చయినోని ఒంట్లోకి రోగం శానా సులువుగా జొరబడతాది. అమ్మ ఇంట్లో ఉండాది. నువ్వు ఈడనే మగ్గం పక్కన పండుకో."

పడుకున్నాను. మా ఆవిడ వంటింట్లో మా అమ్మ పక్కన. నా నిగ్రహం గురించి గొప్పలు చెప్పుకోవాలని ఉంది గానీ, ఒకసారి మంచినీళ్ల నెపంతో వంటింటి గడప దాకా వెళ్లిన మాట నిజం. మా అమ్మ దగ్గింది. కడవ ముట్టకుండానే తిరిగి వచ్చాను. ఋషులకు తపస్సు ఎంత పనిచేసిందో తెలియదు, నాకు ఆ దగ్గు చాలింది.

తమ్ముడి పొక్కులు మాడిపోయి, ఇక తలకు నీళ్లు పోయడమే తరువాయి అనగా, ఒక ఉదయం నా వీపు దురద పెట్టింది. చొక్కా విప్పాను. అమ్మ నా వీపు చూసింది, ఆ తరువాత కోడలిని చూసింది.

"చెప్తే వింటిరా? నాకు కన్ను మూతపడితే చాలు మీకు!"

"నేను మగ్గం కాడనే పండుకొన్యానమ్మా."

"మగ్గానికి కాళ్లు లేవు. నీకుండాయి కదరా!"

ఏమీ జరగలేదని కన్నతల్లికి రుజువు చేసే మార్గం ఈనాటికీ నాకు తెలియదు. మా ఆవిడ నోరు విప్పితే సిగ్గు, విప్పకపోతే నింద. వీధిలోని తోటి నేతగాళ్లు మాత్రం తలుపు సందులోంచి తొంగిచూసి, "ఏమప్పా, అమ్మవారికి గూడా భయపడకపోతివే!" అని మెచ్చుకున్నారు. (మగతనానికి నాకు దక్కిన ఏకైక మెప్పు, అదీ అబద్ధం.) అయితే నవ్వుకునే పరిస్థితి కాదది. "ఈ పిల్ల ఉంటే అమ్మ శాంతించదు, పుట్టింటికి పంపిద్దాం" అని మా అమ్మ బండి కట్టించింది. అలా నింద మోసుకుని వెళ్లిన కోడలు మళ్లీ మెట్టినింటి గడప తొక్కడం ఎంత కష్టమో మా వీధికంతా తెలుసు. మా ఆవిడ ఏడుస్తూ మూట కట్టుకుంటోంది. నేను వేపాకుల మీద పడి, దురదకూ దుఃఖానికీ మధ్య అల్లాడుతున్నాను.

బండి తోలమని చెప్పడానికి బయటికి వచ్చిన మా నాయన మెడ గోక్కున్నాడు. మళ్లీ గోక్కున్నాడు. అమ్మ దగ్గరికి వెళ్లి చూసింది. మెడ చుట్టూ నిగనిగలాడే నీటిపొక్కులు.

కోడలికి పెట్టిన న్యాయమే ఇక్కడా పెడితే అత్తగారు ఏం చెప్పాలి? మా నాయన ఆకాశం వంక చూశాడు. అమ్మ ముఖం ఎర్రబడింది. అప్పుడు మా ఆవిడ మూట కింద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుని, నెమ్మదిగా అంది. "అత్త దినామూ నా పక్కనే పండుకొనింది. యాడికీ పోలేదు. నాకు తెలుసు."

అమ్మ ఆమె వంక చూసింది. ఆ సాక్ష్యం ఇద్దరికీ పనికొస్తుందని ఆమెకు అర్థమైంది. "ఎద్దుల్ని ఇప్పప్పా," అంది బండివానితో. ఆ రాత్రి కోడలి కంచంలో తనే అన్నం వడ్డించింది.

పొక్కులు లేవకముందు ముగ్గురం ఒకే గదిలో కూర్చుని నేశాం గనుక తమ్ముడి ఊపిరి ద్వారానే నాకూ మా నాయనకూ అంటుకుందని చాలా ఏళ్ల తరువాత ఒక డాక్టరు చెప్పాడు. సత్తువకూ దానికీ సంబంధమే లేదట. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. అప్పటికే ఇద్దరికీ తలలు నెరిశాయి. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా అంది.

"ఎట్లాగూ నింద పడనే పడింది. అన్ని దినాలు ఊరికే పోగొట్టుకొంటిమి గదా!"