ఆ రంగు నాకు తెలుసు

ఒక మనిషిని నేను చంపానా? ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. ఇతరుల మూఢత్వం మీద ఎన్నో వ్యాసాలు రాశాను. వేదికలెక్కి బాబాలను నిలదీశాను. నన్ను నేను మాత్రం ఒక్కసారీ నిలదీసుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల నడుమ నేను నారాయణగూడలో ఒక జిమ్‌కు కోచ్‌ని. పొద్దున, సాయంత్రం అక్కడ పని. పగలంతా చిక్కడపల్లి గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షకు చదువు. అశోక్‌నగర్‌లో కిరాయి గది. ఈ మూడింటి మధ్యా కాలినడకన తిరిగేవాణ్ణి. అలా తిరుగుతుండగానే ఒకనాడు దగ్గుతో నెత్తురు పడింది. టీబీ అన్నారు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇల్లుగలాయన గది ఖాళీ చేయమంటాడు, జిమ్ యజమాని రావద్దంటాడు, గ్రంథాలయంలో పక్క కుర్చీవాడు లేచి వెళ్ళిపోతాడు. ఉత్త భయం కాదిది. ఆ జబ్బు పేరు వింటేనే గ్లాసు వేరుగా పెట్టే రోజులవి. టైఫాయిడ్ అని చెప్పి కొన్ని వారాలు తలుపు మూసుకుని పడుకున్నాను. ఇక నీ జబ్బు ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పాకే జిమ్‌కు తిరిగి వెళ్ళాను. ఆ ఒక్క విషయంలో నా తప్పు లేదు.

మందు నడుస్తూనే ఉంది. ఆ మాత్రలకు మూత్రం ఎర్రబడుతుంది. మొదటిసారి నేనూ బెదిరిపోయాను. అది మందు రంగేనని డాక్టరు నవ్వాడు. ఇంటివాళ్ళకూ నాకూ ఒకటే మరుగుదొడ్డి. అందుకని రోజూ అందరికంటే ముందు లేచి బకెట్ల కొద్దీ నీళ్ళు కొట్టేవాణ్ణి. గడియ పెట్టుకుని మాత్రలు మింగేవాణ్ణి. గ్రంథాలయంలో అంతమందిమి మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చుని చదివేవాళ్ళం. నాకు బాగా లేదని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. లేడా? లేకుండా నేనే చేసుకున్నానా?

ఒళ్ళు నెమ్మదిగా కోలుకుంది. కోచ్ మందూ మాకూ లేకుండా ఉత్త కసరత్తుతో లేచాడని జిమ్‌లో ఒక కథ పుట్టింది. నేను పుట్టించలేదు. కాదనలేదు. కొత్తగా చేరేవాళ్ళకు యజమాని నన్ను చూపించి మరీ చెప్పేవాడు. కొన్నాళ్ళకు నేనే చెప్పడం మొదలుపెట్టాను.

జిమ్‌కు ఎదురుగా ఒక అపార్ట్‌మెంట్ లేస్తోంది. అక్కడ పాలమూరు నుంచి వచ్చిన కూలీ ఒకతను పనిచేసేవాడు. నర్సింహులు అనుకోండి, అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. అతనికీ టీబీనే. సర్కారు దవాఖాన మాత్రలు వాడుతున్నాడు. తట్ట ఎత్తే బలం పోయిందని, అది మళ్ళీ రావాలని నా దగ్గరికి వచ్చాడు. ఫీజుకు బదులు సాయంత్రం నేల ఊడ్చి కసరత్తు చేసుకొమ్మన్నాడు యజమాని. నర్సింహులు దండచేతికి ఒక తాయెత్తు ఉండేది. మొదటి రోజే అందరి ముందూ దాన్ని తెంపించాను. దారం రోగాన్ని ఆపుతుందా అని ఎద్దేవా చేశాను. అతను సిగ్గుపడి నవ్వాడు. ఆ రోజు నుంచి నేను చెప్పిందల్లా నమ్మాడు.

ఒక సాయంత్రం అద్దం ముందు నలుగురు డంబెల్స్ ఎత్తుతున్నారు. నర్సింహులు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, జర ఒక మాట. గా గోలీలు మింగినప్పటి సంది ఒంటికి పోతే ఎర్రగొస్తున్నది. నెత్తురేమో అని మా ఆమె పరేషాన్ అయితున్నది. నీకేమన్న ఎరుకేనా?"

ఎరుకే. ఆ పొద్దున కూడా నేను నీళ్ళు కొట్టి కడిగిన రంగే అది.

అద్దం దగ్గరి ఒకతనికి మాట వినబడింది. "ఎవర్ని అడుగుతున్నవ్ రా బయ్? మా కోచ్ సాబ్ ఎన్నడన్న గోలీ మొఖం చూసిండా?" మిగతావాళ్ళు నవ్వారు.

నర్సింహులు మెల్లగా అడిగాడు. నేను గట్టిగా జవాబు చెప్పాను, అందరికీ వినబడేలా.

"నన్ను చూడు. నేనేం గోలీలు మింగి లేచిన్నా? గుడ్లు తిను, దండీలు తియ్యి. ఒళ్ళు దానంతటదే బాగయితది."

"అయితే బంద్ చెయ్యమంటవా అన్నా?"

"నీ ఇష్టం. నేనైతే మింగ."

నీ ఇష్టం! మానెయ్యమని నేను అనలేదు కదా అని ఎన్నో ఏళ్ళు ఆ రెండు మాటల చాటున దాక్కున్నాను. తర్కం నేర్చినవాడికి దాక్కోవడానికి చోట్లకేం కొదవ?

మాత్రలు మానేశాడు. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు, తట్ట ఎత్తుతున్నానని నాకు దండం పెట్టాడు కూడా. తర్వాత దగ్గు మళ్ళీ మొదలైంది. జిమ్‌కు రావడం మానేశాడు. ఒకరోజు రోడ్డుకు అవతల ఇసుక కుప్ప మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని దగ్గుతున్నాడు. నేను రోడ్డు దాటాలి, అంతే. దాటలేదు. పరీక్ష దగ్గర పడిందని నాకు నేను చెప్పుకుని గ్రంథాలయం వైపు నడిచాను. ఆ పూట ఒక్క అక్షరం చదవలేదు.

అతనూ భార్యా ఊరికి వెళ్ళిపోయారు. అతను చనిపోయాడని తర్వాత అతని ఊరివాడే ఒకడు చెప్పాడు. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టినా అప్పటికే ఆలస్యమైందట. అప్పటికి నా మందు పూర్తయింది. జబ్బు పూర్తిగా నయమైందన్నారు. పరీక్ష గట్టెక్కాను, ఉద్యోగం వచ్చింది, పేరూ వచ్చింది. మూఢనమ్మకాలు ప్రాణాలు తీస్తాయని వేదికల మీద చెప్పిన ప్రతిసారీ చప్పట్లు కొట్టారు.

తాయెత్తు కట్టుకున్నన్నాళ్ళూ అతను మాత్రలు మానలేదు. మానమని ఆ దారం అతనికి ఎన్నడూ చెప్పలేదు. చెప్పింది నేను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించగలిగినవాడు లేడు. అతని భార్య ఎక్కడుందో నేను వెతకలేదు, అదీ నా తప్పే. ఈ కాగితం రాస్తూ ఇందాక ఒక పని చేశాను. ఆ సాయంత్రం అతని చెవిలో చెప్పవలసిన మాటను గొంతెత్తి అన్నాను. గదిలో వినేవాళ్ళెవరూ లేరు. అయినా అన్నాను.

"భయపడకు నర్సింహులూ. అది నెత్తురు కాదు, గోలీ రంగు. నాకూ అట్లనే వస్తున్నది."