దాలమ్మ తోటలో తప్పిన కొలత

పోయిన నెల విశాఖపట్నంలో ఒక హోటలు హాల్లో పాత వస్తువుల వేలం ఉందంటే చూడ్డానికి వెళ్లాను. అక్కడి మనిషి ఒక టేకుపెట్టె మూత తీయగానే ఇత్తడి, కుట్టుమిషను నూనె, పాత చెక్క కలిసిన వాసన గుప్పుమంది. లోపల భూమి కొలిచే దుర్బిణీ. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని ముందుగదిలో ఏ మూల పెడితే అందంగా ఉంటుందో మాట్లాడుకుంటున్నారు. పాట మొదలవకముందే నేను బయటికి వచ్చేశాను.

మా నాన్న టెక్కలిలో సర్వేయరు. ఆయన దగ్గరా ఆఫీసువాళ్లిచ్చిన అలాంటి దుర్బిణీయే ఉండేది. ఆదివారం పొద్దున్నే అరుగు మీద గోనెపట్టా పరిచి, మెత్తబడిన పాత పంచె ముక్కతో దాన్ని తుడిచి, ప్రతి మరమేకుకూ ఒక్కో చుక్క నూనె వేస్తూ కూర్చుంటే, అమ్మ ఎన్నిసార్లు పిలిచినా టిఫినుకు లేచేవాడు కాదు. నన్ను మాత్రం ఎప్పుడో ఒకసారి కన్ను పెట్టి చూడనిచ్చేవాడు. అందులో అంతా తలకిందులు. కొబ్బరిచెట్లు ఆకాశంలోంచి వేలాడేవి, మనుషులు తలల మీద నడిచేవారు.

ఎండాకాలం సెలవుల్లో కొలతలకు వెళ్తూ నన్నూ బస్సులో ఉద్దానం ఊళ్లకు తీసుకెళ్లేవాడు. ఒక పక్క ముగ్గిన పనసపండు వాసన, ఒక పక్క సముద్రపు ఉప్పుగాలి, తోటల్లో రాలి పులిసిన జీడిమామిడి పళ్లు, వాటి రసం కారి ఎన్ని ఉతుకులకూ వదలని మరకలు పడ్డ నా గౌన్లు. ఆ రోజుల్లో నాకు వేసవి అంటే అదే.

నా పదో ఏట దాలమ్మ తోట కొలవడానికి వెళ్లాం. ఆమె భర్త వేటకని సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. ఆమెకూ మరిది కూర్మయ్యకూ మధ్యనున్న హద్దురాయి ఎప్పుడో ఇసుకలో కూరుకుపోయింది. ఆ హద్దు దగ్గరే ఐదు కొబ్బరిచెట్లు. నా ఈడు కూతురు ఆదెమ్మతో ఆవిడ బతుకంతా ఆ కాపు మీదే.

నాన్న మూడుకాళ్ల స్టాండు మీద దుర్బిణీ బిగించి, సరిచూసుకుని, దూరంగా జెండాకర్ర పాతించడానికి వెళ్లాడు. నాకు తలకిందుల సముద్రం చూడాలనిపించింది. మునివేళ్ల మీద లేచాను. ఇసుకలో కాలు జారి స్టాండు మీద పడ్డాను. ఒక కాలు పక్కకు జరిగింది. గబగబా లేచి, ఇదివరకు ఉందనుకున్న చోటికి దాన్ని నెట్టాను. మబ్బు కమ్ముకొస్తోంది. నాన్న పరుగున వచ్చి, మళ్లీ సరిచూడకుండానే కన్ను పెట్టి, చెయ్యి ఊపాడు. జెండాకర్ర దగ్గరున్న కూర్మయ్య అక్కడ హద్దుమేకు కొట్టాడు. ఐదు చెట్లూ అతని వైపు పడ్డాయి.

"బాబూ, మరోపాలి కొలండి. మా ఆయన సేత్తో నాటిన సెట్లు. కొలత ఎక్కడో తప్పింది" అంది దాలమ్మ.

"ఇత్తడి అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు నాన్న. కోపంగా కాదు, గర్వంగా.

నేను నోరు విప్పితే చాలు. స్టాండు కాలు జరిగిన గుర్తును కాలితో ఇసుక కప్పేశాను. దాలమ్మ నావైపు ఒక్కసారి చూసి, ఇంక పట్టుబట్టలేదు. బస్సెక్కే ముందు ఆకులో పనసతొనలు చుట్టి నా ఒళ్లో పెట్టింది.

నాన్న పోయేదాకా ఆ సంగతి చెప్పలేకపోయాను. చెబుదామని ఎన్నోసార్లు దగ్గర కూర్చుని, ఇంకేవో మాటలు మాట్లాడి లేచిపోయాను.

వేలం హాలు నుంచి వచ్చిన మర్నాడే పలాస రైలెక్కి, అక్కణ్నుంచి బస్సులో దాలమ్మ ఊరు చేరాను. దాలమ్మ కిడ్నీలు పాడై ఏనాడో పోయిందట. ఆదెమ్మ గుమ్మంలో ఎండుచేపలు ఏరుతోంది. నేనెవరో చెప్పి, ఇన్నేళ్లూ దాచుకున్నదంతా ఆమె ముందు చెప్పేశాను.

ఆదెమ్మ చేతులు ఆగాయి. "మా యమ్మకి తెల్సు. నువ్వు పడ్డం నూతికాడ్నించి సూసిందట" అంది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే మీ నాన్న నిన్ను కొడతాడని. సిన్న గుంట బయపడిపోయుంది, సెట్ల కోసం దాన్ని కొట్టించడమేటి అనీది."

మా నాన్న నన్ను ఒక్కనాడూ కొట్టలేదు. ఆ మాట ఆదెమ్మతో అనలేకపోయాను.

ఆ ఐదు చెట్లూ ఉన్న చోటు చూపించమన్నాను. ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. తుఫానుకు తోటంతా కూలిపోయిందట, కూర్మయ్య పిల్లలు ఊరొదిలి పనులకు పోయారట. కంచె లేదు, రాయి లేదు, కంటికి ఆనినంత మేర ఇసుక. ఆదెమ్మ ఒక చోట ఆగి, కాదనుకుని, ఇంకో నాలుగడుగులు వేసి అక్కడా ఆగి, చుట్టూ చూసింది.

"ఇక్కడే ఎక్కడో ఉండాలమ్మా" అంది.