పండుగనాడు ఈడ్చుకుపోయిన కారు

కారును నేను విరగ్గొట్టలేదు. బ్రేకు వేసి ఉన్న కారును పోలీసులు లారీకి తాడుతో కట్టి, బజారు పొడుగునా ఈడ్చుకుపోయి విరగ్గొట్టారు. నింద మాత్రం నా నెత్తిన పడింది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. అప్పుడు మండలేదు, వణికింది.

అరవైల మొదట్లో సంగతి. వరంగల్లులో ఒక బట్టల షావుకారు దగ్గర నేను డ్రైవరును. బడి ముఖం చూసినవాణ్ణి కాదు. దుకాణాల బోర్డులు, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. లైసెన్సు ఒక్కటే నా ఆస్తి.

దసరా పొద్దున కారు కడిగి, బొట్లు పెట్టి, దండ వేశాను. షావుకారు తాళంచెవి తీసుకుపోయి దుకాణంలో గజం బద్ద, కత్తెర పక్కన అమ్మవారి ముందు పెట్టాడు. పూజలో పెట్టిన వస్తువును సాయంత్రం జమ్మి ఆకు తెచ్చేదాకా ముట్టకూడదు. వాళ్లింటి పద్ధతి అది. దుకాణం ముందు రోడ్డు వాలుగా ఉంటుంది కనుక, తాళంచెవి ఆయనకు ఇచ్చే ముందే కారును గేరులో ఉంచి, చేతిబ్రేకు గట్టిగా లాగి, తలుపులకు తాళం వేసి ఉంచాను.

మధ్యాహ్నం దాటాక ఒక పోలీసు జవాను వచ్చాడు. జమ్మి పూజకు పోయే ఊరేగింపు ఈ బాటనే వస్తుంది, కారు తీయమన్నాడు. నేను లోపలికి ఉరికాను.

"సేటూ, కారు తియ్యాల్నట. జర తాళంచెవి ఇయ్యుండ్రి."

"పిచ్చోని లెక్క మాట్లాడకు. జమ్మి తేకముందే పూజల చెయ్యి పెడ్తరా? పండుగ పూట మన కారును ఎవడు ముడ్తడు? పోయి దానికాడ నిలబడు."

పోయి నిలబడ్డాను. ఊరేగింపు కంటే ముందు పోలీసు లారీ వచ్చింది. ముందరి బంపరుకు తాడు ముడి వేస్తుంటే జవానుకు అడ్డం పోయాను.

"జవాన్ సాబ్, బ్రేకు పడి ఉన్నది. గుంజితె గేర్లు పోతయి. ఒక్క అద్దం పలగ్గొట్టుండ్రి, చెయ్యి పెట్టి బ్రేకు తీస్త."

"అద్దం పలగ్గొడితె రేపు ఎవడు జవాబు చెప్పాలె? మేం సర్కారు మనుషులం, దొంగలం గాదు," అన్నాడు జవాను. లారీ మీదివాళ్లు పకపకా నవ్వారు.

లారీ కదిలింది. కారు చక్రాలు తిరగలేదు. కంకర లేచిపోయింది, టైర్ల నుంచి కాలిన వాసన వచ్చింది. కారు పొట్టలో ఇనుమును ఇనుము కొరికిన చప్పుడు. బంపరు ఒక పక్క ఊడి వేలాడింది. కొత్త బట్టలు కట్టుకున్న జనం అరుగుల మీద నిలబడి చూశారు, ఒక్కరూ నోరు తెరవలేదు. నేను మాత్రం తెరిచానా? అరిస్తే నన్నూ అదే లారీ ఎక్కిస్తారని నోరు నొక్కుకుని వెనకాల పరుగెత్తాను.

మర్నాడు ఠాణా నుంచి కారును తోసుకుంటూ తెచ్చాం. షావుకారు దాని చుట్టూ తిరిగి చూశాడు.

"సక్కగున్న కారు నీకు అప్పజెప్పిన. ఇప్పుడు చూడు దీని మొఖం."

"పోలీసోళ్లు గుంజిన్రు సేటూ. మీరు తాళంచెవి ఇయ్యకపోతిరి."

"మెల్లగ! నా దుకాణంల పోలీసుల పేరు తియ్యకు. నువ్వు ఇరగ్గొట్టలేదని ఠాణల రాసిస్తె తీస్కరా. అందాంక స్టీరింగు ముట్టకు."

ఆయనకూ భయమే. కాని ఆయన భయానికి దుకాణం ఉంది, నా భయానికి ఏముంది? కారు విరగ్గొట్టిన డ్రైవరన్న పేరు ఒకసారి పడితే వరంగల్లులోనే కాదు, హనుమకొండలో కూడా నాకు బండి ఇచ్చే షావుకారు ఉండడు.

ఠాణా ముందు నుంచి పోవలసి వస్తే ఎదుటి పక్కకు దాటి నడిచేవాణ్ణి. అలాంటివాణ్ణి దాని మెట్లెక్కాను. లైసెన్సు గుంజుకుంటారేమోనని ఇంట్లో బియ్యం కుండలో దాచి మరీ పోయాను. అక్కడి పెద్ద ఆఫీసరును అందరం అమీన్ సాబ్ అనేవాళ్లం. ఆయన తల ఎత్తకుండానే, "బాటకు అడ్డం పెట్టినవని కేసు రాయాల్నా?" అన్నాడు. సలాము కొట్టి బయటికి వచ్చాను. ఇంకోసారి పోతే లోపలి గదిలో ఎవరో దెబ్బలకు మొత్తుకుంటున్నారు. ఏమీ అడగకుండానే తిరిగి వచ్చేశాను. ఇంట్లో జమ్మి ఆకు ఎండి పొడి అయ్యేదాకా అలా తిరిగాను.

చివరికి ఒకనాడు అమీన్ సాబే నన్ను పేరు పెట్టి పిలిచాడు. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ భయమేసింది. జవానును బయటికి పంపి, నన్ను బల్ల దగ్గరికి రమ్మని, మెల్లగా చెప్పాడు:

"కారు నువ్వు ఇరగ్గొట్టలేదు, నాకెరికె. కాని గా ముక్క రాసిస్తె, మరి ఎవలు ఇరగ్గొట్టిన్రని పైనోళ్లు నన్ను అడుగుతరు గద? నేను రాసియ్య. ఇంకోపాలి ఈ మెట్లెక్కకు, పో."