కాళు సారు

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మా ఆయనకు తెలియదు. మా అమ్మకు తెలియదు. మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్తున్నాను. తెలిసినవాళ్లయితే ఇది విని ఎవరి దగ్గర అంటారో, ఎంత కలిపి అంటారో అని కుమిలిపోయేదాన్ని. నిజం చెప్పాలంటే మిమ్మల్ని కూడా పూర్తిగా నమ్మడం లేదు. ఏమనుకోవద్దు. నా బుద్ధే అంత.

మాది ధర్మవరం. మా ఇంట్లో నన్ను అనుమానపు పక్షి అనేవారు. పాలమనిషి నీళ్లు కలిపిందనేదాన్ని. మగ్గానికి పట్టు ఇచ్చే షావుకారు తూకంలో కొట్టేశాడనేదాన్ని. ఒక్కోసారి నిజమయ్యేది కూడా. అదే నా కొంప ముంచింది. ఒక్కసారి నిజమైతే చాలు, మనిషికి తన అనుమానం మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొస్తుంది.

ఆ బుద్ధికి తగ్గ ఉద్యోగమే దొరికింది. బెంగళూరు కంపెనీ ఒకటి హిందూపురంలో సర్వే పెట్టింది. ఏ వీధిలో ఎలాంటి మనుషులుంటారు, ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు, ఏం చదివారు, బైకా కారా, మాంసం తింటారా తినరా, ఇవన్నీ ఇంటింటికీ తిరిగి అడిగి ట్యాబులో నొక్కాలి. అవన్నీ కలిపి కంపెనీవాళ్లు వీధికొక జాతకం రాసేవారు. ఆ జాతకం చూసి ఎక్కడ ఏ దుకాణం పెట్టాలో వ్యాపారులు తేల్చుకుంటారట. నేను ఆ పనిలో గట్టిదాన్ని. జనం నోటితో ఒకటి చెప్తారు, గుమ్మం ముందరి చెప్పులు ఇంకొకటి చెప్తాయి. ముగ్గురమే అంటారు, తీగ మీద ఆరుగురి బట్టలు ఆరుతుంటాయి. ఇలాంటివి కనిపెట్టినప్పుడల్లా మా సూపర్వైజర్ మెచ్చుకునేవాడు. నేను పొంగిపోయేదాన్ని.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కానీ అది దాటేస్తే ఇదంతా రాయడమే దండగ. అప్పట్లో నేను ధర్మవరం నుంచి రోజూ రైల్లో హిందూపురం వచ్చి పోయేదాన్ని. మా ఆయనకు పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో పని. హిందూపురంలో బాడిగ ఇల్లు కోసం తెగ వెతుకుతున్నాం. ఒక వీధి నాకు బాగా నచ్చింది. శుభ్రమైన వీధి. నీళ్లకు కరువు లేదు. అయితే ఆ వీధిలో మాంసం తినేవాళ్లకు ఇల్లివ్వరు. బోర్డు పెట్టరు, అడిగే తీరులోనే తెలిసిపోతుంది. మేం తింటాం. ఆదివారం మా ఇంట్లో కోడి లేకపోతే మా ఆయనకు ముద్ద దిగదు.

ఆ వీధిలో ఒక మేడ. కింద ఇంటావిడ, పైన బాడిగకు ఒక జంట. మడకశిర అవతల, కర్ణాటకకు ఆనుకున్న పల్లె వాళ్లది. ఆయనకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి పోయి రక్తం కడిగించుకోవాలి. పల్లె నుంచి బస్సులో వచ్చి పోయే శక్తి లేక, ఆస్పత్రికి దగ్గరని ఆ ఇల్లు తీసుకున్నారు. వాళ్ల కులం, పేర్లు ఇక్కడ రాయను. ఒకసారి వాళ్ల గురించి రాసి, మాట్లాడి నేను చేసింది చాలు.

ఆమె నన్ను వంటింట్లోకే పిలిచి పీట వేసింది. అన్ని ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబులు చెప్పింది. నా ఇల్లు వెతుకులాట గురించి కూడా అడిగి తెలుసుకుంది. చివరికి తిండి ప్రశ్న వచ్చింది.

"ఇంట్లో మాంసం తింటారా మా?"

"లేదక్కా. మేము ముట్టము."

పొయ్యి మీద ఏదో కుతకుతా ఉడుకుతోంది. వెల్లుల్లి, ధనియాలు కలిసిన ఘాటైన వాసన. నా పక్షి రెక్కలు విప్పింది.

"మరి ఆ ఉడికేదేంది?" అన్నాను నవ్వుతూ.

ఆమె లోపలి గది వైపు చూసింది. అక్కడ ఆయన పడుకుని ఉన్నాడు. గొంతు తగ్గించింది. "ఈయప్పకు ఏమీ సయించదక్కా. కాళు సారు చేస్తే మాత్రం రెండు ముద్దలు తింటాడు. తినకూడదంట. ఏం చేసేది, నా ప్రాణం ఒప్పదు. మీరు యాడా చెప్పొద్దండక్కా."

"నేనెందుకు చెప్తా," అన్నాను.

"మీ ఇంటి సంగతి నేనూ విచారిస్తాలే," అని గుమ్మం దాకా వచ్చింది.

సారు అంటే చారు. అది నాకూ తెలుసు. మరి కాళు? కాళ్లే కదా, మేక కాళ్లు. నీరసపడ్డవాళ్లకు బలమని కాళ్ల చారు పట్టించడం మా వైపు మామూలే. పైగా ఆ గుసగుస, ఆ చూపు, ఎవరికీ చెప్పొద్దన్న మాట. దొరికారు అనుకున్నాను. మెట్లు దిగుతూ ఆ ఒక్క మాటే అనుకున్నాను. దొరికారు.

కింద ఇంటావిడ కాఫీ ఇచ్చింది. పైనోళ్లు ఏమంటాండారు అని అడిగింది. మామూలు ప్రశ్నే. నేను ఏమీ లేదనొచ్చు. నోరు జారిందని మీతో అంటే మీరు నమ్ముతారేమో, కానీ జారలేదు. కాఫీ సగం తాగి, గ్లాసు కింద పెట్టి, ఏదో వేళాకోళంగా అన్నట్టు అన్నాను: "మేక కాళ్ల చారు బాగా చేస్తుందంటనే మీ పైనామె."

ఆవిడ ముఖం మాడిపోయింది.   నేను ట్యాబులో "మాంసాహారులు" అని నొక్కాను.

వారం తిరక్కముందే ఇల్లు ఖాళీ అయింది. ఎలా తెలుసంటారా? సర్వే కోసం నేనిచ్చిన నంబరుకు ఇంటావిడే ఫోన్ చేసింది. పైనామె చెప్పింది, మీరు ఇల్లు వెతుకుతున్నారంట కదా అంది. మీరైతే తినరు కదా అని కూడా అంది.

"అయ్యో, మేము గుడ్డు కూడా ముట్టం," అన్నాను.

అవును. ఆ ఇంట్లోకి నేనే చేరాను. వాళ్లు చెప్పారని నేననుకున్న అబద్ధాన్ని నేనే చెప్పి చేరాను. మా ఆయన పెనుకొండలో హోటల్లో తిని, నోరు పుక్కిలించి, సోంపు నమిలి మెట్లెక్కేవాడు. ఎవరైనా మెట్ల మీద నిలబడితే కిటికీ సందులోంచి తొంగి చూసేదాన్ని. ఇంటావిడ ఊరికే గాలి పీల్చినా నన్ను వాసన చూస్తోందనుకునేదాన్ని. చూడండి, ఆమెను పంపేసి ఆమె భయాన్ని తెచ్చి నేను పెట్టుకున్నాను. కాదు, ఆమెకు ఆ భయమే లేదు. అది తర్వాత తెలిసింది.

చలికాలం మొదట్లో ఒక పొద్దున ఇంటావిడ గిన్నె పట్టుకుని పైకొచ్చింది. "కాళు సారు చేసినా. తిని చూడు మా," అంది.

 "ఏ కాళ్లు?" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. "ఏ కాళ్లా? అనపగింజలు మా! మా పక్క కాళు అంటే గింజలు. కన్నడం మాట. ధర్మవరమోళ్లకు ఇది కూడా తెలీదా?"

గిన్నెలో అనపగింజలు తేలుతున్నాయి. వెల్లుల్లి, ధనియాల వాసన. అదే వాసన.

ఆ రోజు నేను ఆమె మాటను ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే, కాళు సారు అని చెప్పి ఉంటే, ఇంటావిడ ఇలాగే నవ్వేది. నేను దాన్ని నా తెలుగులోకి తిప్పి, పక్కన మేకను కూడా చేర్చి చెప్పాను. మేక మాట ఆమె అననేలేదు. ఆ జబ్బువాళ్లకు గింజలు, పప్పులు ఎక్కువ పెట్టకూడదని తర్వాత ఒక నర్సు చెబితే తెలిసింది. ఆమె గుసగుసలాడింది ఇంటావిడకు భయపడి కాదు, ఆస్పత్రివాళ్లకు తెలిస్తే తిడతారని.

అప్పుడైనా ఇంటావిడకు చెప్పొచ్చు. గిన్నె చేతిలో ఉంది, మనిషి ఎదురుగా ఉంది. చెబితే ఏమవుతుంది? ఇల్లు పోతుంది. తిన్నాను.  బాగుందన్నాను.

ఆ పాత బాడిగామెను ఇంకొక్కసారి చూశాను, హిందూపురం బస్టాండులో. ఆయన సంచి మీద తల ఆనించి నేల మీద పడుకుని ఉన్నాడు. పొద్దున పల్లెలో బయల్దేరి, రక్తం కడిగించుకుని, మళ్లీ మడకశిర బస్సు కోసం చూస్తున్నారు. వేరే ఇల్లు ఎవరూ ఇవ్వలేదట. నన్ను చూసి ఆమే లేచి వచ్చింది. "ఎవురో ఏందో చెప్పినారంటక్కా. ఏం చెప్పినారో ఆయమ్మ అడిగినా చెప్పలా. మేం చేసిన తప్పేందో మాకే తెలీదు," అంది. తర్వాత, నా చెయ్యి పట్టుకుని, "మీకు ఇల్లు దొరికిందా?" అంది.

"ఇంకా లేదు," అన్నాను.

ఆ తర్వాత బస్టాండు వైపు పోవడం మానేశాను. ఆమె కనిపిస్తుందని భయం. కనిపించి పక్కన ఆయన లేకపోతే? ఇప్పుడు పెనుకొండలో ఉంటున్నాం. ఆమె మొగుడు ఉన్నాడో లేడో ఇప్పటికీ కనుక్కోలేదు. కనుక్కోవాలంటే ఒక్క రోజు పని.

కాళు అంటే గింజలని తెలిసిన రోజు, అయ్యో వాళ్లు నిజంగానే తినరే అని ఏడ్చాను. ఆ ఏడుపు మీద కూడా ఇప్పుడు నాకు అనుమానం. తినేవాళ్లయితే? మేక కాళ్లే అయితే? చావుబతుకుల్లో ఉన్న మొగుడికి ఒక ఆడది ఏం వండుకుంటే నాకెందుకు, ఆ వీధికెందుకు?

భాష తెలియక జరిగిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. పాలను అనుమానించాను, తూకాన్ని అనుమానించాను, ఇంటావిడ గాలి పీల్చడం దాకా అనుమానించాను. ఆ రోజు ఆ వంటింట్లో, "కాళు అంటే ఏందమ్మా?" అని ఒక్క మాట అడగలేదు. అడిగితే గింజలంటుందేమోనని అడగలేదు. నాకు ఆ ఇల్లు కావాలి.