మూతపడని కన్ను

దయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని. నారాయణపేట బడిలో సైన్స్ చెప్పుకునే మనిషిని, అలాంటివి నమ్మితే పిల్లలే ఆట పట్టిస్తారు. ఇది చదివి మీరూ నవ్వుకోండి. ఇప్పుడు మాత్రం మధ్యాహ్నం పూట అమ్మ పడుకుంటే ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చోలేను.

నిరుడు అమ్మకు ఎడమ చెవి లోపల, మెదడును ఆనుకుని గడ్డ ఉందని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి తీశారు. ముఖాన్ని కదిలించే నరం ఆ గడ్డకే అతుక్కుపోయిందట. అమ్మ బతికింది, అదే చాలనుకున్నాం. కానీ ముఖంలో ఎడమ సగం కదలదు, ఆ చెవి వినబడదు, ఆ కన్ను నిద్రలో కూడా మూతపడదు. కన్ను తడారిపోతే చూపు పోతుందని డాక్టర్ హెచ్చరించారు. అందుకే పడుకునే ముందు మందు రాసి, రెప్ప దించి టేపు అంటిస్తాను.

ఒక మధ్యాహ్నం చెమటకు టేపు ఊడింది. మళ్ళీ అంటిద్దామని వెళ్ళాను. అమ్మ గురక పెడుతోంది. తెరిచి ఉన్న కన్ను మాత్రం గోడవైపు అటూ ఇటూ, అటూ ఇటూ తిరుగుతోంది. ఆ గోడ పక్కన నాయన మగ్గం ఉంది. ఆయన పోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు. పోగును మోసుకెళ్ళే నాడె వెంట చూపు ఎలా పోతుందో అలాగే పోతోంది ఆ కన్ను. పుట్టినప్పటి నుంచి చూసిన లయ అది, నేను పొరబడను.

భయంతో వెళ్ళి మగ్గానికి అడ్డంగా నిలబడ్డాను. కన్ను ఆగింది.

లేచాక అమ్మ మామూలుగానే అడిగింది. "గాడ ఎందుకు నిలవడ్డవే? మీ నాయిన పని ఆపిండు."

"నీకెట్ల తెలుసమ్మా?"

"చప్పుడు ఆగింది గదా," అంటూ వినబడని చెవిని తడుముకుంది.

నిద్రలో కనుగుడ్లు కదలడం మామూలేనని డాక్టర్ అన్నారు. రెప్పలు కలిపి కుట్టు వేస్తే కన్ను దక్కుతుందన్నారు. అమ్మ ససేమిరా అంది. "కుట్టేస్తే ఆయన ఎట్ల కనవడ్తడు?"

కన్ను అప్పటికే మసకబారుతోంది. మగ్గమే లేకపోతే కుట్టుకు ఒప్పుకుంటుందని, అమ్మను పిన్ని ఇంటికి పంపి మగ్గం విప్పించాను, నేసేటప్పుడు నాయన కాళ్ళు పెట్టుకునే గుంత పూడ్పించాను. అమ్మ తిరిగొచ్చి ఆ ఖాళీ జాగాను చాలాసేపు చూసింది.

"ఇగ ఆయన ఏడ కూసుంటడు? సరే, నీ ఇష్టం. కుట్టియ్యి."

ఆ రోజు మధ్యాహ్నం అమ్మ నిద్రలో ఉండగా, ఊడిన టేపు మళ్ళీ అంటించడానికి వంగాను. కన్ను గోడవైపు తిరగలేదు. నా భుజం వెనక ఒకచోట నిలిచింది. నేను పక్కకు జరిగితే అదీ జరిగింది, నన్ను కాకుండా నా వెనక చూస్తూనే.

ఇదేమిటో ఇప్పటికీ చెప్పలేను. వచ్చే వారం కుట్టు వేస్తారు. అమ్మ చూపు దక్కుతుంది, నాకు కావలసిందీ అదే. కానీ ఆ కన్ను మూతపడ్డాక, నా వెనక ఎవరైనా ఉన్నారో లేదో నాకెవరు చెబుతారు?